పైచెక్క మీద వేలిముద్ర

మా నాన్న రంగు వేసిన ఇల్లో కాదో తెలుసుకోవడం తేలిక. గుమ్మంలో మునివేళ్ళ మీద నిలబడి, ద్వారబంధం పైచెక్క మీద, ఎవరి కంటికీ ఆనని చోట చేత్తో తడమాలి. రంగు పచ్చిగా ఉండగా నొక్కిన బొటనవేలి గుంట ఒకటి తగులుతుంది. పని పూర్తయ్యాక, నిచ్చెన దిగేముందు అక్కడ వేలు నొక్కడం ఆయన అలవాటు. ఎందుకలా అని చిన్నప్పుడు అడిగితే, "పేరు రాస్తే ఇంటాయన ఊరుకోడమ్మా. వేలు పెడితే ఆయనకి తెలీదు, నాకు తెలుస్తుంది" అన్నాడు. సంతకం రాక కాదు. ఊళ్ళో సగం దుకాణాల బోర్డులు ఆయన చేతి రాతే.

ఆ గుంటల్ని నేను ఇల్లిల్లూ తిరిగి వెతకాల్సి వచ్చిన ఎండాకాలం ఒకటుంది.

ఆ ఏడాది మా ఆయన దూరాన ఎక్కడో వంతెన పని మీద ఉన్నాడు. నేను రెండున్నరేళ్ళ పాపతో పుట్టింట్లో ఉన్నాను. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు కాబట్టి, ఆరోగ్యశాఖ వాళ్ళు మూడు నెలలకి మనుషుల్ని తీసుకుంటున్నారంటే వెళ్ళి చేరాను. పాత ఇళ్ళ రంగుల్లో సీసం ఎంత ఉందో, నేల మీదా కిటికీ గట్ల మీదా దుమ్ములో ఎంత ఉందో చూడటం పని. గోడకి ఆనిస్తే అంకె చూపించే మిషను ఒకటి ఇచ్చారు. దుమ్ముకైతే, కొలిచిన చదరంలో తడిగుడ్డ ముక్కతో తుడిచి, గొట్టంలో వేసి, మూత బిగించి పరీక్షకి పంపాలి. మా అమ్మ ఆ మిషన్ని చూసి, "జుట్టు ఆరబెట్టుకునేదిలా ఉంది, దీనికి జీతం కూడానా" అంది.

రెండు రోజులు మాకు పాఠం చెప్పారు. వెనకటి రంగుల్లో సీసం కలిపేవారట. రంగు నిలవడానికీ మెరవడానికీ అదే కారణమట. ఏళ్ళు గడిచాక పెచ్చులూడి, కిటికీ రెక్కలు చట్రానికి రాసుకుని, కంటికి కనపడనంత సన్నటి పొడై రాలుతుంది. పాకే పిల్లల చేతులకి అంటి నోట్లోకి పోతుంది. పెద్దవాళ్ళ సంగతి ఎలా ఉన్నా, పసివాళ్ళ ఎదుగుదలని, బుర్రని దెబ్బతీస్తుంది. పాఠం విన్నంతసేపూ నాకు ఎవరెవరి ఇళ్ళో గుర్తొచ్చాయి. మా ఇల్లు మాత్రం గుర్తు రాలేదు. అంత తెలివి నాది.

మా నాన్నని ఊళ్ళో అద్దం మేస్త్రి అనేవారు. ఆయన రంగు వేసిన తలుపులో మొహం కనపడుతుందని ఆ పేరు. పని మానేసి ఏడేళ్ళయినా, పొద్దున్నే లేచి కుంచెలు కడిగి ఆరబెట్టేవాడు. పాపకి చిలక అని పేరు పెట్టిందీ ఆయనే. ఆ చిలకకి వచ్చిన మాటలన్నీ కలిపి ఆరు. "మాట్లాడుతుందిలే, తొందరేముంది. మాట్లాడటం మొదలెట్టాక ఆపమని నువ్వే బతిమాలుకుంటావు" అని నన్ను ఊరడించేవాడు. ముందుగది కిటికీ గట్టు ఆ చిలక చోటు. దాని మీద నిలబడి వీధి చూస్తూ, విసుగేస్తే గట్టు అంచు కొరుకుతూ ఉండేది. తెల్లటి అంచు మీద చిన్న చిన్న పళ్ళ గుర్తులు వరసగా ఉండేవి. అందరం చూసి నవ్వుకునేవాళ్ళం.

మొదటివారంలో వెళ్ళినవాటిలో నాకు చదువు చెప్పిన పెద్ద టీచరమ్మ ఇల్లొకటి. పడకగది కిటికీకి మిషను ఆనించగానే అంకె ఉండాల్సినదానికి పదింతలు పైన చూపించింది. తప్పేమో అని మళ్ళీ ఆనించాను. అదే అంకె.

"ఏమంటోంది నీ మిషను?" అని అడిగిందావిడ.

"సీసం ఉందండీ."

"మీ నాన్న వేసిన రంగే కదే. పాతికేళ్ళయింది. చూడు, ఎక్కడైనా వంక పెట్టగలవా?"

ఆవిడ మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళగానే నేను గుమ్మంలో మునివేళ్ళ మీద నిలబడి పైచెక్క తడిమాను. గుంట తగిలింది. నా వేలు అందులో సరిగ్గా కూర్చుంది.

మేం నింపే కాగితంలో అన్నిటికంటే కింద ఒక గడి ఉండేది. 'రంగు వేసినవారు, తెలిసినట్లయితే' అని. తెలిస్తే ఆ మనిషి వేసిన మిగతా ఇళ్ళన్నీ వెతకొచ్చని దాన్ని పెట్టారు. నేను ఆ గడి ఖాళీగా వదిలేశాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్న అడిగాడు. "టీచరమ్మగారింటికి వెళ్ళావటగా. తలుపులు చూశావా?"

"చూశాను."

"ఎలా ఉన్నాయి?"

"అద్దాల్లా ఉన్నాయి నాన్నా."

ఆయన ఇంకో ముద్ద ఎక్కువే తిన్నాడు.  ఆ తరువాత రెండు వారాలయ్యేసరికి, టీచరమ్మ ఇంటితో కలిపి, మొత్తం ఇరవై మూడు ఇళ్ళు చూశాను. పద్నాలుగు పైచెక్కల మీద గుంట తగిలింది. పద్నాలుగు గళ్ళూ ఖాళీగానే వదిలేశాను. ప్రతి ఇంట్లోనూ బట్టీపట్టిన పాఠంలా, "పొడిగా గీకకండి, పొడి చీపురుతో ఊడవకండి, తడిగుడ్డతోనే తుడవండి" అని చెప్పి, జాగ్రత్తలు అచ్చేసిన కాగితం చేతిలో పెట్టి వచ్చేదాన్ని.

అదే నెలలో మావాళ్ళు ఊళ్ళో పిల్లలందరికీ రక్తపరీక్ష పెట్టారు. ఉద్యోగం నాదే కదా అని పాపని ముందు వరసలో నిలబెట్టాను. రక్తంలో సీసం అంకె ఐదు దాటితే ఇల్లు పరీక్షించాలని లెక్క. పాపకి పందొమ్మిది వచ్చింది.

డాక్టరు చిన్నావిడ, నెమ్మదిగా మాట్లాడే మనిషి. "మాటలు రాకపోవడం దీనివల్లేనా?" అని అడిగాను.

"దీనివల్లే అని చెప్పలేనమ్మా. కాదనీ చెప్పలేను. ముందు ఎక్కణ్ణుంచి వస్తోందో చూసి ఆపండి. ఇల్లు పాతదా?"

పాతదే. పని మానేసేదాకా ప్రతి ఎండాకాలం మా నాన్న స్వయంగా కొత్తగా చేసిన పాత ఇల్లు. ఎక్కణ్ణుంచి వస్తోందో నాకు అప్పుడే తెలుసు. దారి పొడుగునా పాప నా భుజం మీద నిద్రపోయింది. నేను మాత్రం ఆయనకి ఎలా చెప్పాలా అని ఒక్కో వాక్యం కట్టుకుంటూ, చెరుపుకుంటూ నడిచాను.

సొంత ఇంటిని సొంతంగా పరీక్షించకూడదని మాకు నియమం. మా పైఅధికారి గురువారం వస్తానన్నాడు. మంగళవారం సాయంత్రం, కుంచెలు తుడుచుకుంటున్న నాన్న పక్కన కూర్చుని విషయం చెప్పాను. సగం సగం చెప్పాను. రంగులో సీసం ఉండేదనీ, పాప ఒంట్లోకి వెళ్ళిందనీ, గురువారం చూడటానికి వస్తారనీ చెప్పాను.

ఆయన చాలాసేపు కుంచె తుడుస్తూనే ఉన్నాడు. "ముప్పై ఏళ్ళు ఆ రంగుల్లోనే బతికాను. మరి నాకేం కాలేదే?"

లోపలినుంచి అమ్మ అందుకుంది. "ఏం కాలేదా? ఆ చేతులు ఎందుకు వణుకుతున్నాయో. అన్నం సగం మీరు తింటారు, సగం చొక్కాకి తినిపిస్తారు."

"వయసు."

"మా అన్నయ్యకి మీకంటే నాలుగేళ్ళెక్కువ. సూదిలో దారం ఎక్కిస్తాడు."

నాన్న కుంచె పక్కన పెట్టాడు. "గురువారం ఏ టైముకి వస్తారు?" అని మాత్రం అడిగాడు. పదింటికి అన్నాను. సరేనన్నాడు. ఆ 'సరే' విని హమ్మయ్య అనుకున్నాను. ఆయన్ని ఒప్పించేశాననుకున్నాను.

బుధవారం మధ్యాహ్నం మూడింటికల్లా పని అయిపోతే ఇంటికి వచ్చేశాను. వీధి మలుపులోనే కొత్త రంగు వాసన తగిలింది.

కిటికీలన్నీ తీసి ఉన్నాయి. నాన్న తలకి గుడ్డ చుట్టుకుని, నిచ్చెన మీద నిలబడి, చివరి రెక్కకి రంగు వేస్తున్నాడు. ఏడేళ్ళ తరువాత ఆయన్ని నిచ్చెన మీద చూడటం అదే. నేల మీద వాడిపారేసిన ఉప్పుకాగితం ముక్కలు గుట్టగా పడున్నాయి. పొద్దున్నే మొదలుపెట్టి, ఇంట్లో ఉన్న తొమ్మిది కిటికీలకీ పాత రంగంతా చెక్క తేలేదాకా గీకేశాడు. పొడిగా. అమ్మ చీపురు పట్టుకుని, చెమటలు కక్కుతూ వాకిట్లోకి వచ్చింది.

"పొద్దుట్నుంచి మూడుసార్లు ఊడ్చాను. ఊడ్చినకొద్దీ వస్తోంది మాయదారి దుమ్ము" అంది.

పాప నిచ్చెన కింద కూర్చుని ఉంది. జుట్టూ కనురెప్పలూ తెల్లగా ఉన్నాయి. నేల మీది తెల్లటి పొడిలో వేలితో గీతలు గీస్తోంది.

నాన్న నన్ను చూసి సంబరంగా నిచ్చెన దిగాడు. "పాతదంతా పోయిందమ్మా. ఇది కొత్త రంగు, డబ్బా మీద సీసం లేదని రాసుంది, చూసే కొన్నాను. రేపు మీ పెద్దాయన రానీ, ఏ మిషన్ తెచ్చుకుంటాడో తెచ్చుకోనీ. నీకు ఆఫీసులో మాట రాకూడదు" అన్నాడు. తరువాత పాప వైపు చూసి, "ఇంకో సంగతి. మీ చిలక పొద్దుట్నుంచీ నాకు కాగితం ముక్కలు అందిస్తోంది. కొత్త మాట కూడా నేర్చింది. ఏదమ్మా, అమ్మకి చెప్పు" అన్నాడు.

"గీకు" అంది పాప. ఏడో మాట.

ఊరందరికీ చెప్పాను. పొడిగా గీకకండని, ఇరవై మూడు ఇళ్ళలో, ముక్కూమొహం తెలియనివాళ్ళకి కూడా చెప్పాను. ఆ ఒక్క మాట మా నాన్నకి చెప్పలేదు. మేస్త్రికి గీకడం గురించి నేనేం చెప్తాననుకున్నానో, ఆయన మనసు కష్టపెట్టకూడదనుకున్నానో. ఎవరైనా చూడటానికి వస్తున్నారంటే ముందురోజు కిటికీలకి ఉప్పుకాగితం పట్టి ఒక కోటు వేసే మనిషని నాకు పుట్టినప్పట్నుంచీ తెలుసు. ముగ్గురూ పొద్దుట్నుంచీ నా మాట దక్కాలనే కష్టపడ్డారు. ఎవరి మీద అరవను?

పాపని ఎత్తుకుని స్నానాలగదిలోకి తీసుకెళ్ళాను. తల మీంచి నీళ్ళు పోస్తుంటే తెల్లగా కారాయి. నాన్న గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఏమైందమ్మా?"

"ఆ దుమ్మే నాన్నా" అన్నాను. "రంగు కాదు. గీకితే వచ్చే ఆ దుమ్మే."

ఆయన తన అరచేతులు చూసుకున్నాడు.  చెంబు అందుకుని నీళ్ళు తోడి ఇవ్వడం మొదలుపెట్టాడు. ఒక్కో చెంబూ చేతులు వణికి సగం ఒలికిపోయింది.

గురువారం మా పైఅధికారి వచ్చి, గుమ్మంలోనే ఆగి, మమ్మల్నందరినీ బయటికి రమ్మన్నాడు. ఆ ఏడాది ఊళ్ళో అన్ని ఇళ్ళలోకీ ఎక్కువ దుమ్ము లెక్క మాదే వచ్చింది. పదిరోజుల తరువాత పాపకి మళ్ళీ పరీక్ష చేస్తే ఇరవై ఏడు. అప్పటికే సైకిల్ షాపు పైన కొత్తగా కట్టిన గదిలోకి మారిపోయాం. పాలు, గుడ్లు, ఐరన్ మందు, గంటకోసారి చేతులు కడగడం. ఇంతకంటే మందు లేదంది డాక్టరు, నలభై దాటితే ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తుంది, దాటకుండా చూసుకోమంది. ఆ రెండు అంకెల మధ్య దూరాన్ని నేను పడుకున్నా లేచినా లెక్కపెట్టేదాన్ని.

నాన్న పగలు ఆ గదిలో ఉండేవాడు కాదు. పొద్దున్నే వెళ్ళి తాళం పెట్టిన మా ఇంటి అరుగు మీద కూర్చునేవాడు. చీకటిపడే వేళకి వచ్చి, చేతులు మోచేతులదాకా కడుక్కుని, పాపకి దూరంగా పడుకునేవాడు. అది తాత మీదికి ఎక్కబోతే, "వద్దమ్మా, నా బట్టలు మంచివి కావు" అని పక్కకి జరిగేవాడు. అదేమిటో అర్థంకాక అది ఏడ్చేది. నాకు ఆ ఇరవై ఏడు కంటే అది చూడటమే కష్టంగా ఉండేది.

ఒక ఆదివారం పొద్దున నేను కాగితాలు ముందేసుకుని నింపుకుంటుంటే, ఆయన వచ్చి ఎదురుగా కూర్చుని కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఒక కాగితం తీశాడు. టీచరమ్మ ఇల్లు. ఇంకోటి తీశాడు. మందుల షాపు వాళ్ళిల్లు. ఒక్కొక్కటే తీసి అడుగు వరస చదివాడు.

"ఈ గడి ఎందుకు ఖాళీగా ఉంది?"

"తెలియకపోతే వదిలేస్తాం నాన్నా."

"నీకు తెలుసు కదా."

 పొయ్యి దగ్గర ఉన్న అమ్మ గరిటె ఆపి ఇటు తిరిగింది.

"ఎందుకండీ ఇప్పుడు" అంది. "ఊరంతా మన గుమ్మం మీద పడుతుంది. ఆ గడిని అలాగే వదిలెయ్యండి. కడుపున పుట్టిన పిల్ల, మీకోసమే వదిలేసింది."

"ఆ ఇళ్ళలోనూ పిల్లలున్నారే" అన్నాడు నాన్న. నా వైపు చెయ్యి చాపాడు. "ఇంకు పెట్టె ఉందా నీ దగ్గర?"

"పేరు రాస్తే చాలు నాన్నా. మీరు చెప్తే నేనే రాస్తాను."

"పేరు వద్దు. అక్కడేది పెట్టానో ఇక్కడా అదే పెడతాను."

చెయ్యి వణక్కుండా ఎడమచేత్తో మణికట్టు పట్టుకుని, పద్నాలుగు గళ్ళలోనూ బొటనవేలు నొక్కాడు. ఒక్కటి కూడా గీత దాటలేదు. మర్నాడు ఆఫీసులో గుమాస్తా ఆ కాగితాలు తిరగేసి, "మీ నాన్నగారికి సంతకం రాదా అమ్మా?" అన్నాడు. "అదే ఆయన సంతకమండీ" అన్నాను.

ఆ రోజు మొదలు ఆయన నాతో వచ్చేవాడు. నేను తలుపు కొట్టకముందే వీధిలో నిలబడి చెప్పేసేవాడు. "ఇక్కడ ముందుగది నేను కాదు. వెనకగది నేనే. పైన పచ్చ, దాని కింద గోధుమరంగు, ఆ కింద తెలుపు. ఆ తెలుపులో పెట్టు మిషను." ఒక్కసారి తప్పలేదు. మా పైఅధికారి జాబితాలో లేని ఇళ్ళు కూడా చెప్పాడు. మొత్తం నలభై ఒకటి. ప్రతిచోటా ముందు గడపలో నిలబడి, "మీ ఇంటికి రంగు వేసింది నేనే. అందులో సీసం ఉండేది. పిల్లలకి పరీక్ష చేయించండి" అని చెప్పాకే లోపలికి అడుగుపెట్టేవాడు.

కొందరు మంచినీళ్ళిచ్చారు. కొందరు తలుపు వేసేశారు. టైలరు ఒకాయన, మనవడికి పద్నాలుగు వచ్చినవాడు, కత్తెర పట్టుకునే బయటికొచ్చాడు.

"నిన్ను పిలిచి, భోజనం పెట్టి, పని ఇస్తే, విషం పూసి పోయావా మేస్త్రీ?"

"పూశాను" అన్నాడు నాన్న. "అప్పుడు తెలీదు. ఇప్పుడు తెలిసింది. మా మనవరాలికి ఇరవై ఏడు."

టైలరు కత్తెర జేబులో పెట్టుకున్నాడు. "నీళ్ళేమైనా తెమ్మంటావా, తుడవటానికి?" అని అడిగాడు. మా నాన్న మోకాళ్ళ మీద కూర్చుని, గుడ్డ ఎలా తడపాలో, ఎటునుంచి ఎటు తుడవాలో, ఒకసారి తుడిచిన మడత మళ్ళీ ఎందుకు వాడకూడదో ఆయనకి చూపించాడు. పని నేర్పేటప్పుడు ఆయన గొంతులో పాత మేస్త్రి వినపడ్డాడు. ఎన్నాళ్ళకో.

వానలు మొదలయ్యేసరికి మా ఇంటి కిటికీలూ ద్వారబంధాలూ పీకించేశాం. కొత్త చెక్కకి రంగు వద్దని నాన్నే అన్నాడు, ఉత్త అవిసె నూనె పట్టించాడు. పాపకి ఇరవై ఏడు పందొమ్మిదైంది, తరువాత పదకొండు. అది మళ్ళీ తాత ఒళ్ళోకి ఎక్కింది, ఈసారి ఆయన జరగలేదు.

పీకిన చెక్కలన్నీ మందపాటి కవర్లలో చుట్టి లారీ ఎక్కిస్తున్నప్పుడు, మా ముందు గుమ్మం పైచెక్క నేను పక్కకి తీశాను. దాని మీద వేలిగుంట అలాగే ఉంది, నేను పుట్టిన ఏడు వేసినదది. కవరులో చుట్టి దాచుకుంటానని ఆయనకి చెప్పాను.

"పారెయ్యమ్మా" అన్నాడు.

"బిగించి చుడతాను నాన్నా. ఎవరూ తాకరు."

"ఊరందరి చేతా పారేయించాం. మనింట్లో ఒక ముక్క ఎలా ఉంచుకుంటాం?" ఆయనే నా చేతిలోంచి తీసుకుని లారీలో పెట్టి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. చిలక ఇప్పుడు కాలేజీలో ఉంది. నోరు మూయమని నేను నిజంగానే బతిమాలుకుంటున్నాను. లెక్కలంటే మాత్రం దానికి ఏడుపు. అది ఆ దుమ్ము వల్లో, నా పోలికో, ఏ డాక్టరూ చెప్పలేదు.

నేను ఇప్పటికీ ఆ పనిలోనే ఉన్నాను. ఏ పాత ఇంటికి వెళ్ళినా, పని మీదైనా చూడటానికైనా, గుమ్మంలో మునివేళ్ళ మీద నిలబడి పైచెక్క తడుముతాను. నలభై ఒకటి ఆయన గుర్తుపెట్టుకుని చెప్పాడు. నలభై రెండోది ఏదైనా మరిచిపోయి ఉంటాడేమోనని చూస్తాను. అలాంటిది ఉండకూడదనే కోరుకోవాలి నేను, ఆ ఇంట్లోనూ పిల్లలుంటారు. అయినా చెయ్యి పైకి వెళ్ళిన ప్రతిసారీ, తగిలితే బాగుండుననే ఉంటుంది.